లాలాగూడ మామయ్య, రోమ్ దారి

కొండాపూర్ అంటే ఇప్పటి పిల్లలకు ఐటీ ఆఫీసులు, బొటానికల్ గార్డెన్, సాయంత్రం ట్రాఫిక్. మా ఇంట్లో మాత్రం కొండాపూర్ అంటే సంగారెడ్డి అవతల ఒక మట్టిదిబ్బ, దాని పక్కనున్న చిన్న మ్యూజియం. "రేపు కొండాపూర్" అని మామయ్య అన్నాడంటే అత్తయ్య ఆ రాత్రే పులిహోరకి చింతపండు నానబెట్టేది. అక్కడ తినడానికి ఏమీ దొరకదు. మంచినీళ్ళు కూడా మనమే మోసుకెళ్ళాలి.

మామయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. దక్షిణ మధ్య రైల్వేలో అకౌంట్స్ గుమాస్తా. లాలాగూడలో రైల్వే క్వార్టర్సు. డిగ్రీ చదివింది కామర్సు. చరిత్రలో పట్టాలేవీ లేవు. ఆయన దగ్గరున్నవల్లా ఒక భూతద్దం, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న పుస్తకాలు, రైల్వే పాసు, ఆఫీసులో పనికిరానివని పక్కన పడేసిన పాత లెడ్జర్లు. ఆ లెడ్జర్లలో జమ, ఖర్చు గడులు కొట్టేసి, కొత్త తలకట్లు రాసుకున్నాడు: ఊరు, దొరికిన వస్తువు, ఎవరు చూశారు, పైదేశపుదా. రెండు వేల ఏళ్ళ కిందట మన తెలుగు నేలకీ రోమ్‌కీ మధ్య ఏం నడిచిందన్నదే ఆయన లెక్క తేల్చాలనుకున్న పద్దు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మా అమ్మ పుట్టిల్లు దివి తాలూకా, ఘంటసాల పక్క. మామయ్య చిన్నప్పుడు ఆ ఊరి పొలాల్లో పాత ఇటుకలు, పాలరాతి ముక్కలు తేలడం చూస్తూ పెరిగాడు. అలెగ్జాండర్ రీ అనే ఇంగ్లీషాయన 19వ శతాబ్దం చివర్లోనే అక్కడి స్తూపాన్ని తవ్వాడు. ఉద్యోగంలో చేరి హైదరాబాదు వచ్చాక, అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఎవరి పుస్తకంలోనో టాలెమీ మాట కనబడిందిట. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచం ఊళ్ళన్నీ పట్టీ వేసిన మనిషి టాలెమీ. అందులో కృష్ణానది 'మైసోలస్', ఆ తీరం 'మైసోలియా', ఆ తీరంలో 'కంటకోస్సుల' అనే బేరపు పట్నం. ఆ కంటకోస్సులే మా ఘంటసాల. కాస్త అవతల, సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకి పోయే ఓడలు ఒడ్డును వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఉందని రాశాడు. "మన గేదెలు మేసిన చోటు గ్రీకువాడి పుస్తకంలో ఉందిరా!" అని ఆ సంగతి చెప్పినప్పుడల్లా మామయ్య తొడ చరుచుకునేవాడు. ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఆ మహానావికుడు మా ఇంట్లో దూరపు చుట్టమంత మామూలు అయిపోయాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే అత్తయ్య "వచ్చాడండీ మహానావికుడు" అనేది.

అయితే మామయ్య గొప్పతనం ఆ ఉత్సాహంలో లేదు. అలాంటి ఉత్సాహం చాలామందికి ఉంటుంది, ఆ రోజుల్లోనూ ఉండేది. ఈజిప్టు పిరమిడ్లు కట్టింది మనవాళ్ళేనని, రోమ్‌లో తెలుగు మాట్లాడేవారని చెప్పే పెద్దమనుషులు వారానికొకరు తగిలేవారు. వాళ్ళకి మామయ్య కాఫీ ఇప్పించి, చివర్లో ఒకే ప్రశ్న వేసేవాడు: "వచ్చింది వస్తువా, మనిషా?"

ఆ ప్రశ్న నాకు బోధపడింది అమ్మమ్మ మెడలో పుతలీల పేరు, అంటే బంగారు కాసుల దండ వల్ల. అమ్మమ్మ వాటిని సీతారాముల కాసులనేది. ఒక మనిషి నిలబడి ఉంటాడు, ఎదురుగా ఇంకొకరు మోకాళ్ళ మీద ఉంటారు, మధ్యలో ఒక జెండా కర్ర. ఒక వేసవిలో మామయ్య భూతద్దం నా చేతికిచ్చి, "రాముడి పక్కన అక్షరాలు చదువు" అన్నాడు. అవి అక్షరాలు కావు, అక్షరాల్లాంటి గీతలు. అప్పుడు చెప్పాడు. ఆ బొమ్మ 1284 నుంచి వెనిస్ పట్నం వాళ్ళు కొట్టిన బంగారు డకట్‌ది. నిలబడ్డది సెయింట్ మార్కు, మోకాళ్ళ మీదున్నది వెనిస్ పాలకుడు. ఆ కాసులు వర్తకంలో మన రేవులకి వచ్చాయి. మనవాళ్ళకి నచ్చాయి. చదవడం రాని కంసాలులు అదే అచ్చు చూసి కొత్తవి కొట్టారు.

"ఇప్పుడు చెప్పు. వెనిస్ వాళ్ళు అమ్మమ్మ వాళ్ళింటికి వచ్చారా?"

"రాలేదు."

"వెనిస్‌కీ అమ్మమ్మకీ సంబంధం ఉందా?"

నేను నీళ్ళు నమిలాను. అమ్మమ్మ మాత్రం పేరు లాక్కుని, "మా రాముణ్ణి నువ్వు కిరస్తానీ చెయ్యకురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వేసవి తర్వాతే కొండాపూర్ మ్యూజియంలో మట్టిబిళ్ళలు నాకు అర్థమయ్యాయి. నిజాం పురావస్తు శాఖ డైరెక్టరు గులాం యజ్దానీ 1941-42లో ఆ దిబ్బ తవ్వించాడు. శాతవాహనుల ఊరు బయటపడింది. ఇళ్ళు, బావులు, పూసలు, తెల్లమట్టితో చేసిన సుకుమారమైన బొమ్మలు, కుప్పలుగా శాతవాహన నాణేలు, అగస్టస్ చక్రవర్తి బంగారు నాణెం. అన్నిటికంటే మామయ్యకి ఇష్టమైనవి, రోమన్ నాణెం అచ్చును మట్టిలో నొక్కి, దారం ఎక్కించుకోవడానికి కొక్కెం పెట్టిన బిళ్ళలు. బంగారపుది కొనలేనివాళ్ళు మట్టిది వేసుకున్నారన్నమాట. దాన్ని చూపించి, "ఇదిగో, అమ్మమ్మ కాసుల పేరు. పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ళ ముందుది" అన్నాడు. రోమన్ చక్రవర్తి టైబీరియస్ ముఖం మెతుకు సీమలో ఎవరి మెడలోనో వేలాడిందంటే ఆ మనిషికి రోమ్ ఎటువైపుందో తెలిసి ఉండక్కర్లేదు. బాగుందనిపించింది, వేసుకుంది. అంతే.

ఆ దిబ్బ మీద వాన వెలిశాక నడవడం ఒక అనుభవం. పైమన్ను కొట్టుకుపోయి పూసలు, పెంకులు తేలేవి. ముట్టుకోవచ్చు, తీసుకోకూడదు. అది రక్షిత ప్రదేశమని మామయ్య గేటు దగ్గరే చెప్పేవాడు, తిరిగొచ్చేటప్పుడు మా జేబులు తడిమేవాడు. చుట్టుపక్కల రైతులు పాటిమన్ను, అంటే పాత ఊళ్ళ దిబ్బల మట్టి, ఎరువుకి మంచిదని బండ్లకెత్తి పొలాలకి తోలుకునేవారు. తెలంగాణలో ఎన్ని పాటిగడ్డలు అలా పొలాల్లో కలిసిపోయాయో. బేగంపేట పక్కన పాటిగడ్డ అనే బస్తీ పేరు విన్నప్పుడల్లా కింద ఏముందో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నగరంలో ఉన్న ఆదివారాల్లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం. పిల్లలందరం తిన్నగా మమ్మీ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. నైషు అనే ఈజిప్టు అమ్మాయి మమ్మీ అది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొనితెచ్చి ఏడో నిజాంకి ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. మామయ్యకి ఆ మమ్మీ అంటే ఒక విధమైన చిరాకు. "రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవడో నాంపల్లి తవ్వి, ఈమెని బయటికి తీసి, హైదరాబాదులో ఈజిప్టు వలస ఉండేదని వ్యాసం రాస్తాడు. మెడల్ కూడా ఇస్తారు" అనేవాడు. మమ్మల్ని అక్కణ్ణించి లాక్కుపోయి నాణేల అద్దాల పెట్టెల ముందు నిలబెట్టేవాడు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దీనారాలు ఒకేచోట దొరికిన సంగతి అక్కడే చెప్పాడు. ఎక్కువగా అగస్టస్, టైబీరియస్‌లవి. టైబీరియస్ నాణేల మీద ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. అమ్మమ్మ చూస్తే లక్ష్మీదేవి అనేదేమో. ఏడాదికి 5 కోట్ల సెస్టెర్సుల (రోమన్ నాణేల) సొమ్ము ఇండియాకే పోతోందని ప్లీనీ అనే రోమన్ రచయిత ఏడ్చిపోయాడు కదా, ఆ ఏడుపులో మన వాటా నల్గొండ మట్టిలో ఉంది.

మామయ్యకి ఇంకో శత్రువు మెడోస్ టేలర్. నిజాం కొలువులో పనిచేసి, షోరాపూర్ ప్రాంతంలో రాకాసిగుళ్ళు తవ్విన తెల్లదొర. దక్కనులో రాతి సమాధులు, ఐరోపాలో రాతి సమాధులు ఒకేలా ఉన్నాయి కాబట్టి ఇవి ఐరోపా కెల్టులవో, మధ్య ఆసియా సిథియన్లవో అయ్యుంటాయని 1860లలో రాశాడు. మా లాలాగూడకి అవతలే మౌలాలి. ఆ గుట్టల దగ్గర ఇలాంటి సమాధులే ఉండేవి. నిజాం స్టేట్ రైల్వేలో వైద్యాధికారిగా ఉన్న హంట్ అనే ఆయన తీరిక వేళల్లో వాటిని తవ్వి, 1924లో లండన్‌లో పెద్ద వ్యాసం అచ్చువేశాడు. రైల్వే మనిషి కాబట్టి హంట్ అంటే మామయ్యకి సొంత మనిషిలా అభిమానం. టేలర్ అంటే మాత్రం, "రాయి మీద రాయి పేర్చడానికి ఇంగ్లండు నుంచి ఎవరో వచ్చి నేర్పాలా? చచ్చినవాణ్ణి నక్కలు పీకకుండా బండ కప్పాలన్న తెలివి ఎవడికైనా వస్తుంది" అని కొట్టిపారేసేవాడు. పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టు కాదన్నది ఆయన రెండో సూత్రం. ఇప్పుడు మౌలాలిలో ఆ రాళ్ళ కోసం వెతికితే అపార్టుమెంట్లు కనబడతాయి.

నాగార్జునకొండకి మాత్రం మామయ్య యాత్రికుడిలా వెళ్ళేవాడు, తనిఖీ అధికారిలా తిరిగేవాడు. సాగర్ నీళ్ళలో మునగబోయే లోయని 1954 నుంచి 1960 దాకా తవ్వి, వీలైనన్ని కట్టడాల్ని దీవి మీదికీ అనుపుకీ మార్చారు. లాంచీలో వెళ్ళి దీవి మ్యూజియంలో ఒక రాతిస్తంభం ముందు నిలబడ్డాం. గడ్డం మనిషి, చేతిలో తాగుడు కొమ్ము. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ అని పండితుల మాట. ఇంకో స్తంభం మీద పొడుగు చొక్కా, పైజామా వేసుకుని బల్లెం పట్టుకున్న కావలివాడు. పలనాటి ఎండలో ఆ బట్టలేమిటి? అక్కడ మాత్రం మామయ్య గొంతు మారింది. "ఈ బట్టలు ఊహించి చెక్కేవి కావు. శిల్పి ఎవణ్ణో చూశాడు. లేదా చూసినవాడు చెక్కిన బొమ్మ చూశాడు." ఆ 'లేదా' వదిలిపెట్టడు చూశారా, అదీ మామయ్య.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అక్కడే ఉంది. కాశ్మీరం, గాంధారం, చీన, యవన, తామ్రపర్ణి ద్వీపం, ఇలా నానాదేశాల్లో బౌద్ధాన్ని వ్యాపింపజేసిన సింహళ భిక్షువుల కోసం కట్టించిన చైత్యగృహం గురించి చెబుతుంది. అందులోనే 'కంటకసోల' మహాచైత్యం ప్రస్తావన కూడా ఉంది. మా ఊరే! అనుపులో మెట్ల రంగస్థలం చూసి అందరూ రోమన్ థియేటర్ అంటారు, చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు. మామయ్య నాలుగు మూలలూ తిరిగి, "రోమ్‌వాళ్ళది గుండ్రంగానో సగం గుండ్రంగానో ఉండాలి. ఇది దీర్ఘచతురస్రం" అని లెడ్జర్లో రాసుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను, ఆయనా కొట్టాడు.

నేను ఎప్పటికీ మర్చిపోలేనిది తేర్ ప్రయాణం. 'పెరిప్లస్' అని 1వ శతాబ్దంలో ఎవరో గ్రీకు వర్తకుడు రాసిన సముద్రపు దారుల పుస్తకం ఉంది. షాఫ్ 1912లో చేసిన ఇంగ్లీషు అనువాదం మామయ్య దగ్గర అట్ట ఊడిపోయి ఉండేది. భరుకచ్ఛం (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) రేవు నుంచి ఇరవై రోజుల ప్రయాణంలో పైఠాన్, అక్కణ్ణించి తూర్పుగా పది రోజుల్లో తగర అని అందులో ఉంది. సముద్రతీరపు సరుకులు, నూలు బట్టలు ఆ తగరకి చేరి, అక్కణ్ణించి బండ్ల మీద భరుకచ్ఛానికి పోతాయిట. ఆ తగరే తేర్. 1956కి ముందు మన హైదరాబాద్ సంస్థానంలోదే, ఇప్పుడు మహారాష్ట్ర. తీరపు సరుకు అంటే మచిలీపట్నం బట్టే ఎందుకు కాకూడదు, ఆ బండ్లు కృష్ణ వెంట ఎక్కి, నల్గొండ మీదుగా, కొండాపూర్ మీదుగా తేర్ చేరి ఉండాలని మామయ్య లెక్క. మన బెజవాడ రోడ్డు ఆ బండ్లబాటేనని ఆయన నమ్మకం. నమ్మకం అని లెడ్జర్లో కూడా ఆ మాటే రాసుకున్నాడు, రుజువు అని రాయలేదు.

కుర్దువాడిలో పెద్ద బండి దిగి, లాతూరు పోయే చిన్నగేజి బండి ఎక్కాం. ఎద్దుబండి దాటిపోతుందేమో అన్నంత నెమ్మది. తేర్‌లో రామలింగప్ప లామ్‌తురే అనే స్థానికుడు సొంత ఆసక్తితో పోగుచేసిన వస్తువులే మ్యూజియం అయ్యాయి. అది వినగానే మామయ్య గుమ్మంలో చెప్పులు విడిచాడు, గుడికి వెళ్ళినట్టు. లోపల ఒక చిన్న దంతపు స్త్రీమూర్తి. ఇలాంటిదే 1938లో ఇటలీలో పాంపేయి శిథిలాల్లో దొరికింది. పాంపేయి క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడిపోయింది కాబట్టి ఆ బొమ్మ అంతకుముందే అక్కడికి చేరింది. వాళ్ళ ముఖం మన మెడలోకి వచ్చినట్టే మన దంతం వాళ్ళ ఇంట్లోకి వెళ్ళింది. మామయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చి టీ తాగుతూ, "ఇది కూడా వస్తువే" అన్నాడు, కాస్త దిగులుగా.

మనిషి దొరకలేదన్నదే ఆయన వెలితి. ఒక సదస్సులో తన దారి గురించి చదివితే, అధ్యక్షస్థానంలో ఉన్నాయన "రైల్వే వారు టైంటేబుల్ కూడా ఇస్తే బాగుండేది" అన్నాడట. హాలంతా నవ్వింది. మామయ్య ఇంటికొచ్చి ఆ జోకు మాకు చెప్పి తనూ నవ్వాడు. తర్వాత సదస్సులకి వెళ్ళలేదు. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ కోటిలింగాలలో ఏరిన నాణేల వల్లే తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు వెలుగులోకి వచ్చాయని, వాటిని శాసన పండితుడు పరబ్రహ్మశాస్త్రి గారు చదివి పరిష్కరించారని మాత్రం తరచు చెప్పేవాడు. ఏరేవాడూ ఉండాలి, చదివేవాడూ ఉండాలి అనేవాడు. తను ఏరేవాడి వరసలో ఉన్నానని ఆయనకి ఏ బాధా లేదు.

2022 జనవరిలో ఈజిప్టు ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికే అనే పాత రేవులో, ఈజిప్టు దేవత ఐసిస్ దేవాలయం ముంగిట్లో, 71 సెంటీమీటర్ల పాలరాతి బుద్ధుడు బయటపడ్డాడు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ప్రకటించారు. అదే గుడిలో రోమన్ చక్రవర్తి ఫిలిప్ కాలపు సంస్కృత శాసనం. 2వ శతాబ్దపు శాతవాహన నాణేలు రెండు. వార్త చదివి బావకి ఫోన్ చేశాను. మామయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. బావ మొదట నాణేల గురించే అడిగాడు, తండ్రి కొడుకే కదా. రెండు నాణేలు ఏ నావికుడి మొలలోంచో జారి ఉండొచ్చు, అవి పెద్ద లెక్కలోవి కావు. కానీ బుద్ధుడి సంగతి వేరు. ఆ రాయి ఇస్తాంబుల్ దక్షిణాన దొరికే రాయి అనీ, విగ్రహం బహుశా బెరెనికేలోనే చెక్కి ఉంటారనీ తవ్వినవాళ్ళు అన్నారు. దేవుణ్ణి ఇక్కణ్ణించి మోసుకెళ్ళలేదు. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళెవరో, ఆ రేవుకి చేరిన రాతితో, అక్కడే చేయించుకుని ఉంటారు. వస్తువు కాదు, మనిషి. తెలుగువాడా, గుజరాతీవాడా అన్నది మనకి అనవసరం. మామయ్యకైతే అవసరమే, వారం నిద్రపోయేవాడు కాదు.

లెడ్జర్లు ఇప్పుడు మల్కాజిగిరిలో బావ దగ్గరున్నాయి. ఈ మధ్య ఒక రిసెర్చ్ స్కాలర్ అమ్మాయి వాటిని ఫోటోలు తీసుకోవడానికి వచ్చింది. నన్నూ పిలిచారు, చేతిరాత నాకు బాగా తెలుసని. చాలా ఊళ్ళ ఎదురుగా 'లే' అని, కొన్నిటికి 'చూ.లే' అని ఎందుకుందని అడిగింది. 'లే' అంటే వెళ్ళి చూశాడు, రోమన్‌ది ఏమీ లేదు. 'చూ.లే' అంటే వెళ్ళి చూడలేదు. రెండూ ఒకటి కావని మమ్మల్ని ఎన్నిసార్లు తిట్టాడో చెప్పాను. ఆ అమ్మాయి ఫణిగిరి పేజీ దగ్గర ఆగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకులవి. మామయ్య అక్కడ 'చూ.లే' అని రాసి పక్కన చిన్న అక్షరాలతో 'బస్సు లేదు' అని రాసుకున్నాడు. ఆ పేజీ ఫోటో ఆమె రెండుసార్లు తీసుకుంది. కృష్ణ నుంచి కొండాపూర్ దాకా ఆయన గీసిన దారిలో రెండు మజిలీలు అసలు కుదరవని కూడా చెప్పింది, నేల ఎత్తుపల్లాలు చూస్తే బండ్లు అటు పోలేవట. బావ ముఖం చిన్నబోయింది. నేను లోపలికెళ్ళి అటకమీదున్న మిగతా రెండు లెడ్జర్లు కూడా దింపి ఆ అమ్మాయికిచ్చాను, ఆ మజిలీల గొడవ వాటిలోనే ఎక్కడో ఉంది.